యుద్ధం మా ఇంటి లెక్కల్లోకి వచ్చిన రోజులు

(బిలాస్‌పూర్‌లో మన బ్యాంకు తెలుగు సిబ్బంది, విశ్రాంత ఉద్యోగుల కుటుంబాలు కలుసుకున్న ఉగాది సమావేశంలో ఒక విశ్రాంత అధికారి చేసిన ప్రసంగ పాఠం)

 

"పావుగంట మాట్లాడండి, బ్యాంకింగు గురించి మాత్రం వద్దు" అని మన కార్యదర్శి గారు ముందే షరతు పెట్టారు. ముప్ఫై ఆరేళ్లు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి. డబ్బు ఊసెత్తకుండా పావుగంట గడపడం నా వల్ల కాదు. అందుకని యుద్ధం గురించి మాట్లాడతాను. దాంట్లో డబ్బు దానంతట అదే వస్తుంది.

నేను చెప్పేది రెండో ప్రపంచ యుద్ధం సంగతి. 1939 సెప్టెంబరు నుంచి 1945 ఆగస్టు దాకా, ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో బిలాస్‌పూర్ మీద ఒక్క బాంబు పడలేదు. అయినా ఈ రైల్వే కాలనీలో ప్రతి ఇంట్లోనూ పొయ్యి మారింది, గడియారం మారింది, జీతం మారింది, చేతిలో చిల్లర మారింది. ఈ మాటలు నాకు చెప్పింది మా మామ్మ. తెలియని తేదీలు, అంకెలు తరవాత నేను పుస్తకాల్లో చూసుకున్నాను.

మనవాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారో పిల్లల కోసం చెబుతాను. ఇప్పుడు మనం సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే అంటున్న ఈ లైన్లు ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే అనే కంపెనీవి. బి.ఎన్.ఆర్. అంటే పాతవాళ్లకు వెంటనే తెలుస్తుంది. నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా ఆ కంపెనీ ప్రధాన మార్గం 1891 నాటికి పూర్తయింది. 1931లో రాయపూర్ - విజయనగరం లైను మొత్తం తెరిచారు. ఆ కంపెనీయే కట్టిన విశాఖపట్నం రేవు 1933లో మొదలైంది. దాంతో పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వైపు నుంచి పని కోసం మనవాళ్లు రైలెక్కి ఇటు వచ్చారు. లోకోషెడ్డులో, యార్డులో, ట్రాక్ మీద చేరారు. మా తాతయ్యది పార్వతీపురం దగ్గర పల్లె. ఇక్కడ ఇంజను మీద ఫైర్‌మన్. పారతో బొగ్గు వేసే ఉద్యోగం. పెళ్లయి మామ్మ ఈ కాలనీకి వచ్చేనాటికి ఆవిడకి పదిహేడేళ్లు. ఒక గది, ఒక వసారా ఉన్న క్వార్టరు.

యుద్ధం మొదట మా ఇంటికి కాల్‌బాయ్ రూపంలో వచ్చింది. రైల్వే కుటుంబాలవాళ్లకు ఆ మాట తెలుసు. బండి బయలుదేరే ముందు క్వార్టరు క్వార్టరుకూ తిరిగి, డ్రైవర్లనీ ఫైర్‌మన్లనీ లేపి, పుస్తకంలో సంతకం తీసుకునే కుర్రాడు. యుద్ధానికి ముందు తాతయ్య ఏ పూట వెళ్తే ఏ పూట వస్తాడో కాస్త అంచనా ఉండేది. తరవాత అది పోయింది. వచ్చి స్నానం చేసి పడుకున్న రెండో గంటకే తలుపు చప్పుడు. 

కారణం ఆవిడకి అప్పట్లో తెలియదు. అంతకుముందు బెంగాల్, బీహార్ గనుల బొగ్గులో చాలా భాగం కలకత్తా నుంచి ఓడల మీద మద్రాసుకీ బొంబాయికీ వెళ్లేది. యుద్ధంతో ఓడలు సైన్యానికి పోయాయి, బంగాళాఖాతంలో జపాను భయం పుట్టింది. ఆ బొగ్గంతా పట్టాల మీదికి వచ్చి పడింది. సైనికుల బండ్లు, ఆయుధాల బండ్లు సరేసరి. పైగా మన దేశపు ఇంజన్లు, వ్యాగన్లు, పట్టాలు కూడా కొన్ని పశ్చిమాసియాకు తరలించారు. బండ్లు తక్కువ, బరువు ఎక్కువ. అవసరమైతే తప్ప ప్రయాణాలు చేయకండని రైల్వేలే ప్రకటనలు అంటించాయి. ఆ లోటంతా పార పట్టిన చేతులు పూడ్చాయి. ఆ చేతులకు అన్నం పెట్టవలసిన చేతులు ఇంట్లో ఉన్నాయి. 

"అన్నం వండి మూత పెట్టడం కాదు బాబూ, ఎప్పుడొస్తాడో తెలియని మనిషికి వేడిగా ఉంచడం. ఆ పనికి డ్యూటీ గంటలు లేవు" అనేది మామ్మ.

తరవాత గడియారం. ఇది వింటే పిల్లలు నమ్మరు. 1942 సెప్టెంబరు 1న దేశమంతటా గడియారాలు ఒక గంట ముందుకు తిప్పారు. పగటి వెలుగు ఎక్కువ వాడుకోవచ్చని. 1945 అక్టోబరు 15 దాకా అదే కాలమానం. స్టేషను గడియారం ఒకటి చెప్పేది, కాలనీ కోడి ఒకటి చెప్పేది. "కొత్త టైములో నాలుగా, పాత టైములో నాలుగా" అని అడగకుండా ఎవరూ ఎవరికీ మాట ఇచ్చేవారు కారట. పంపు నీళ్లకీ తగువే, ముహూర్తాలకీ తగువే.

ఇక 1942. ఆ సంవత్సరం పేరు చెబితే మామ్మ గొంతు మారేది.

తాతయ్యకి ఒక తమ్ముడు. మాకు చిన్న తాతయ్య. ఆయన రైలెక్కలేదు, ఓడెక్కాడు. రంగూన్ వెళ్లాడు. ఆ రోజుల్లో ఉత్తర కోస్తా పల్లెల నుంచి బర్మా వెళ్లడం మామూలు. రేవులో మూటలు మోసేవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లు చాలామంది మనవాళ్లే. గోదావరి ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. చిన్న తాతయ్యకి ఒకటే కోరిక. ఊళ్లో ఒక ఎకరం సొంత భూమి. రంగూన్ నుంచి మనియార్డర్లు అన్నయ్య పేరుకు బిలాస్‌పూర్ పంపేవాడు. మామ్మ ఆ డబ్బు ముట్టుకోలేదు. పోస్టాఫీసులో పొదుపు పుస్తకం తెరిపించి ప్రతి మనియార్డరూ అందులో వేయించింది. ఆవిడకి చదువు రాదు. వసారా గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, పది రూపాయలకు ఒక గీత. పుస్తకంలో అంకె, గోడ మీద గీతలు సరిపోయాయా అని నెలకోసారి తాతయ్యచేత చదివించుకునేది. మన మాటలో చెప్పాలంటే రీకన్సిలియేషను. ఎవరూ నేర్పలేదు.

1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. ఆ వార్తతో మన దేశంలో పెద్ద గాభరా పుట్టింది. సర్కారు పోతుందట, కాగితం చెల్లదట అని పుకార్లు. జనం పోస్టాఫీసుల్లో పొదుపు వెనక్కి తీసుకోవడం, నోట్లు ఇచ్చి వెండి రూపాయలు అడగడం మొదలుపెట్టారు. అవసరానికి మించి నాణేలు పోగుచేయడం నేరమని అదే నెలలో ఉత్తర్వు తెచ్చారు. రూపాయి నాణెంలో పన్నెండింట పదకొండు వంతులు ఉండే వెండిని సగానికి తగ్గించారు. మొదటి యుద్ధంలో, 1917లో పుట్టి 1926లో ఆగిపోయిన ఒక రూపాయి నోటును 1940లో మళ్లీ తెచ్చారు. మన క్యాషియర్లు గమనించే ఉంటారు, ఆ నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. వెండి రూపాయికి బదులుగా ప్రభుత్వమే అచ్చువేసిన కాగితం కాబట్టి.

కాలనీలో చాలామంది డబ్బు తీసేసి వెండి కొనుక్కున్నారు. తాతయ్య కూడా తీసేద్దామన్నాడు. మామ్మ ఒప్పుకోలేదు. "మనదైతే మన ఇష్టం. మరిది డబ్బు. ఆయన చెప్పకుండా ఎలా కదుపుతాం?" అంది. పుస్తకం ట్రంకుపెట్టె అడుగున చీర మడతలోనే ఉంది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఆ నగరం జపాను వశమైంది. లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలో కలరాకి, ఆకలికి పోయినవాళ్లు వేలమంది. చిన్న తాతయ్య జనవరిలో బయలుదేరి, ప్రోమ్ నుంచి కొండదారిన అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగుకు చేరాడు. ఏప్రిల్ మొదటివారంలో హౌరా బండి దిగి మా క్వార్టరు ముందు నిలబడితే మామ్మ గుర్తుపట్టలేదు. ఎవరో అన్నానికి వచ్చారనుకుని ఆకు వేసిందట. ఆయన కూర్చుని, రెండు ముద్దలు తిన్నాక, "వదినా" అన్నాడట.

ఆ వారంలోనే, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ప్రాణనష్టం తక్కువే గాని భయం చాలా పెద్దది. విశాఖ దాదాపు ఖాళీ అయింది. బండి కట్టుకున్నవాళ్లు పల్లెలకు, చుట్టాలున్నవాళ్లు లోపలి ఊళ్లకు పోయారు. రాయపూర్ లైను మీద ఇటూ వచ్చారు. మామ్మ అక్క, ఆవిడ పిల్లలు నలుగురు, అత్తగారు మా ఇంటికి వచ్చారు. ఆ ఒక గది, ఒక వసారాలో పదిమంది. "మూడు నెలలు పొయ్యి ఆరలేదురా బాబూ" అనేది.

పొయ్యి ఆరకుండా ఉండాలంటే దానిమీద పెట్టడానికి ఏదో ఉండాలి కదా. బర్మా పోవడంతో బర్మా బియ్యం ఆగిపోయింది, కిరసనాయిలు కరవైంది. సాయంత్రం దీపం లేకుండా పిల్లలకు అన్నాలు పెట్టేసేవారు. బట్ట దొరకదు. 1943లో బట్టల మీద నియంత్రణ తెచ్చి మిల్లు బట్టమీద ధర ముద్ర వేయించారు. ముద్ర ఉన్న బట్ట దుకాణంలో ఉంటేగా! మామ్మ రెండు చిరుగు చీరలు కలిపి ఒక చీర కుట్టుకుంది. చిల్లర కూడా మాయమైంది. బుధవారీ బజారులో కూరలు కొంటే చిల్లరకి బదులు తమలపాకులు చేతిలో పెట్టేవారట. రాగి పొదుపు కోసం 1943లో మధ్య చిల్లు ఉన్న కాణీ వచ్చింది. పిల్లలు దాన్ని మొలతాడుకు గుచ్చుకునేవారు. ఆ సంవత్సరమే రిజర్వు బ్యాంకు రెండు రూపాయల నోటూ తెచ్చింది.

ఈ దశలో రైల్వే కుటుంబాలను నిలబెట్టినవి రెండు. ఒకటి కరువు భత్యం. ధరలు పెరిగాయి, జీతం చాలదని కార్మిక సంఘాలు అడిగితే, జి.ఐ.పి. రైల్వే ఉద్యోగుల విషయం విచారించడానికి 1940లో జస్టిస్ బి.ఎన్. రావు గారి విచారణ సంఘాన్ని వేశారు. తరవాత రాజ్యాంగ రచనలో సలహాదారుగా పనిచేసింది ఆయనే. రైల్వేల్లో కరువు భత్యానికి అక్కడే దారి పడింది. రెండోది గ్రెయిన్ షాపు. రైల్వేలు సొంతంగా ధాన్యం దుకాణాలు నడిపి, ఉద్యోగులకు బజారు కంటే తక్కువ ధరకు బియ్యం, పప్పు, నూనె ఇచ్చాయి. కార్డు పట్టుకుని తెల్లవారుజామున వరసలో నిలబడింది మామ్మ. కార్డులో ఉన్న తలలకే బియ్యం. విశాఖ నుంచి వచ్చిన ఆరుగురు, రంగూన్ నుంచి వచ్చిన ఒకరు ఆ కార్డులో లేరు. ముగ్గురి బియ్యం పదిమందికి గంజి అయింది. చివర తినేది ఎవరో నేను చెప్పక్కరలేదు.

మన బ్యాంకు ఉద్యోగులు మూడు నెలలకోసారి సూచీ ఎన్ని పాయింట్లు పెరిగిందని వేళ్లు మడుస్తూ ఉంటారు. శాస్త్రి అవార్డు, దేశాయ్ అవార్డు అని పాతవాళ్లం చెప్పుకుంటాం. డి.ఏ. అనే ఆ రెండక్షరాలు మన జీతాల్లో ఇంత గట్టిగా పాతుకుపోయింది యుద్ధకాలపు కరువు వల్లే.

కాని నేను అసలు చెప్పదలచింది ఇప్పుడు చెబుతాను. జీతానికి భత్యం వచ్చింది. పొదుపుకు రాలేదు.

1945లో యుద్ధం ముగిసింది. అప్పటికి ఏడాది ముందే, 1944 అక్టోబరు 1న, బి.ఎన్.ఆర్. కంపెనీ చేతిలోంచి ప్రభుత్వానికి వచ్చింది. చిన్న తాతయ్య యార్డులో కూలిపనిచేస్తూ మా ఇంట్లోనే ఉన్నాడు. ఇక ఊరెళ్లి భూమి కొంటానన్నాడు. మామ్మ ట్రంకుపెట్టె తీసి పుస్తకం చేతిలో పెట్టింది. గోడ మీద ఇరవైరెండు గీతలు, పుస్తకంలో రెండు వందల ఇరవై రూపాయలు, పైన వడ్డీ. పైసాతో సరిపోయింది. ఆయన ఊరెళ్లాడు. రంగూన్ వెళ్లేముందు ఎకరం రెండు వందలన్న ఆసామి ఇప్పుడు అయిదు వందలన్నాడు. అర ఎకరం కూడా రాలేదు. వెండి కొన్న పొరుగువాళ్లు మాత్రం నష్టపోలేదు.

తిరిగివచ్చాక మామ్మ ఆయన ముందు ఏడ్చిందట. నేనే తీయించి వెండి కొని ఉంటే నీ భూమి నీకు వచ్చేదని. ఆయన అన్న మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "వదినా, నువ్వు దాచిన లెక్క తప్పలేదు. రూపాయే చిక్కిపోయింది. నీ తప్పేముంది?"

రూపాయి ఎందుకు చిక్కిపోయిందో నాకు బ్యాంకులో చేరాక అర్థమైంది. యుద్ధానికి కావలసిన బట్ట, ధాన్యం, ఉక్కు, జనపనార బ్రిటిషు ప్రభుత్వం ఇక్కడ కొనేది. దాని వంతు డబ్బును లండనులో పౌండ్లుగా మన ఖాతాలో జమ వేసేది. ఆ పౌండ్లను చూపించి ఇక్కడ రిజర్వు బ్యాంకు రూపాయి నోట్లు అచ్చువేసేది. సరుకు బయటికి, కాగితం లోపలికి. 1939 సెప్టెంబరులో చలామణిలో ఉన్న నోట్లు 200 కోట్ల రూపాయల లోపు. 1945 నాటికి 1,000 కోట్లు దాటాయి. ధరలు రెండింతలు మించాయి. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు బాకీ పడ్డ స్టెర్లింగు నిల్వలు 130 కోట్ల పౌండ్లకు పైమాటే. అంటే ఒక పేద దేశం ఒక సామ్రాజ్యానికి అప్పు ఇచ్చింది. ఆ అప్పులో చిన్న తాతయ్య అర ఎకరం కూడా ఉంది. ఆయన సంతకం ఎవరూ తీసుకోలేదు.

ఆయన బతికి బయటపడ్డాడు. అందరూ పడలేదు. 1943లో ఇదే లైను చివర, ఖరగ్‌పూర్ ఉన్న మిడ్నపూర్ జిల్లాలోనూ బెంగాల్ అంతటా కరవు వచ్చింది. అంతకుముందు అక్టోబరులో తుపాను ఆ జిల్లాను తుడిచిపెట్టి ఉంది. చనిపోయినవారు 15 లక్షలని ప్రభుత్వ విచారణ సంఘమే చెప్పింది. అంతకు రెట్టింపని తరవాతి పరిశోధకులు లెక్కవేశారు. అమర్త్య సేన్ గారు చూపించిందేమిటంటే, చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది భూమిలేని కూలీలు, జాలర్లు, చిన్న చేతివృత్తులవాళ్లు. వాళ్లకు కార్డు లేదు, గ్రెయిన్ షాపు లేదు, భత్యం లేదు. బియ్యం ధర పెరిగింది, వాళ్ల కూలి పెరగలేదు. అటునుంచి వచ్చిన డ్రైవర్లు రన్నింగు రూములో చెప్పిన మాటలు విని తాతయ్య చాలా రోజులు అన్నం సరిగా తినలేదట.

అదే కాలంలో బొగ్గు చాలడం లేదని, గనుల్లో భూమి లోపల ఆడవాళ్లచేత పని చేయించకూడదన్న నిషేధాన్ని 1943లో సెంట్రల్ ప్రావిన్సులు, బెంగాల్, బీహార్‌లలో ఎత్తేశారు. 1946లో మళ్లీ పెట్టారు. అవసరమైనప్పుడు దింపారు, తీరాక పైకి పంపారు. తాతయ్య పారకెక్కిన బొగ్గులో వాళ్లు తవ్విందీ ఉండి ఉంటుంది.

1946 జనవరిలో 500, 1,000, 10,000 రూపాయల నోట్లు రద్దు చేశారు, యుద్ధంలో దొంగబజారు చేసినవాళ్ల సొమ్ము పట్టుకోవాలని. మా కాలనీలో ఆ నోటు చూసినవాళ్లే లేరు.

ఇప్పుడు మన సంగతి. నేను బ్యాంకులో చేరిన కొత్తలో మామ్మ ఒకటే అడిగింది. "నీ దగ్గర డబ్బు దాచుకున్నవాడికి, దాచినంత ఇస్తావా, దాచినప్పటి విలువ ఇస్తావా?" నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. లెక్క తప్పకుండా చూడటం మన చేతిలో ఉంది. విలువ నిలబెట్టడం ఒక్క శాఖ చేతిలో లేదు, ఒక్క బ్యాంకు చేతిలోనూ లేదు. కాని ఆ రెండూ వేరని తెలుసుకుని మాట్లాడటం మన చేతిలో ఉంది. ఒక పెద్దాయన కౌంటరు దగ్గరికి వచ్చి, డిపాజిట్టు రశీదు తిప్పి తిప్పి చూసి, "వడ్డీ తగ్గిందేం బాబూ, మందుల ధర తగ్గలేదు కదా" అన్నప్పుడు, మన డి.ఏ. స్లిప్పు జేబులో పెట్టుకుని ఆయన్ని తొందరపెట్టకూడదు. ఆయన అడుగుతున్నది చిన్న తాతయ్య ప్రశ్నే.

ఇళ్లల్లో ఉన్న మన అక్కచెల్లెళ్లతో ఇంకో మాట. యుద్ధం ఆరేళ్లు మా తాతయ్య పనిని సర్కారు గుర్తించింది. జీతం, భత్యం, కార్డు ఇచ్చింది. మామ్మ పని ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. మరిది డబ్బు ఆరేళ్లు కాపాడిన మనిషికి తన పేరున ఖాతా లేదు. మా నాన్న ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో తెరిపించిన ఖాతాయే ఆవిడకి మొదటిది. వేలిముద్ర వేసి, "ఇది నాదేనా" అని అడిగిందట. మీ ఇంట్లో ఎవరెవరి పేరున ఏమేం ఉన్నాయో, నామినీ ఎవరో ఈ పండగ సెలవుల్లో ఒకసారి కూర్చుని చూసుకోండి. ఇంటి లెక్క ఎవరు మోస్తున్నారో వాళ్ల పేరు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి.

పిల్లలూ, ఈ కాలనీలో ఇంకా తొంభై దాటిన అమ్మమ్మలు, తాతయ్యలు కొద్దిమంది ఉన్నారు. చిల్లు కాణీ చేత్తో పట్టుకున్నవాళ్లు వాళ్లు. భోజనాలయ్యాక వాళ్ల పక్కన కూర్చుని, యుద్ధం రోజుల్లో మీ ఇంట్లో ఏం వండుకునేవారని అడగండి. తేదీలు మీకు ఫోనులో దొరుకుతాయి. గంజిలో ఎన్ని మెతుకులుండేవో ఫోనులో దొరకదు.

భోజనాలు సిద్ధమయ్యాయని వెనకనుంచి సైగ చేస్తున్నారు. పులిహోర చల్లారకముందే ముగిస్తాను.